వైడ్‌బ్యాండ్ క్లౌన్‌ఫిష్ పేరుతో వేరే చేపలు పంపడంపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నమస్కారం. అక్వేరియంలో పెంచుకోడానికి, హేచరీలో పుట్టిన వైడ్‌బ్యాండ్ క్లౌన్‌ఫిష్ అనే సముద్రపు చేపల జత కోసం మీకు 38,000 రూపాయలు కట్టాను. పార్సిల్‌లో వచ్చినవి క్లార్కీలు, అంటే వేరే జాతి మామూలు క్లౌన్‌ఫిష్‌లు.

వైడ్‌బ్యాండ్‌కి ఒళ్లు ముదురు గోధుమ రంగు. నడుం మీది తెల్లపట్టీ బాగా వెడల్పు, పై పెదవి మీద నీలం చార. మీరు పంపినవాటికి నడుం పట్టీ సన్నగా ఉంది, తోక పచ్చగా ఉంది, పెదవి మీద నీలం జాడే లేదు. ఫొటోలు, బిల్లు జతచేశాను. మీ కస్టమర్ కేర్ వాళ్లు "పెద్దయ్యాక పట్టీ వెడల్పవుతుంది" అన్నారు. నాలుగంగుళాల చేప ఇంకెంత పెద్దదవ్వాలండీ?

అసలు ఈ జాతి ఆస్ట్రేలియా తూర్పు తీరం, లార్డ్ హౌ దీవి చుట్టుపక్కల కాస్త చల్లటి నీళ్లలో ఉంటుంది. మా కోనసీమ ఎండలకు ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటిపోతాయి. అందుకే ముందు నీళ్లు చల్లబరిచే చిల్లర్ కొని, నీళ్లు 23 డిగ్రీల దగ్గర నిలబడ్డాకే ఆర్డర్ పెట్టాను. క్లార్కీలేమో లక్షద్వీప్ లాంటి వెచ్చటి సముద్రాల్లో తిరిగేవి. వాటి కోసం మళ్లీ మెల్లగా వేడి పెంచుకుంటూ రావాల్సి వచ్చింది.

జత అన్నారు, అదీ నిజం కాదు. క్లౌన్‌ఫిష్‌లన్నీ మొదట మగవే, గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. అందుకే జతలో ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉంటాయి. మీరు పంపిన రెండూ ఎదిగినవే, ఒకే సైజు. ట్యాంకులో వదిలిన రాత్రే కొట్టుకున్నాయి. ఒకదాని తోక పీలికలైంది, పక్క రెక్క మొదట్లో ఎర్రగా కమిలింది. మధ్యలో యాక్రిలిక్ షీట్ అడ్డం పెట్టి విడదీశాను. దెబ్బతిన్నది ఇవాళే ఒక రొయ్యముక్క నోట పట్టింది, చూసి ప్రాణం లేచొచ్చింది.

మా దగ్గర చెరువుకి రొయ్యపిల్ల కొన్నా ఏ హేచరీదో అడిగి తెలుసుకునే కొంటాం. మీ బిల్లులో "మెరైన్ ఫిష్ 2" అని తప్ప ఏమీ లేదు. హేచరీ పేరు అడిగితే ఎవరూ చెప్పడం లేదు. ఇవి సముద్రంలో పట్టినవైతే ఆ మాటైనా చెప్పాలి. అలాంటి చేపలు బ్రూక్లినెల్లా లాంటి జబ్బులు మోసుకురావచ్చు, కొన్నవాళ్లు విడిగా ఉంచి చూసుకోవాలి.

నా డబ్బు మొత్తం వాపసు ఇవ్వండి. చేపల్ని తిప్పి పంపమనకండి, దెబ్బతిన్నది ఇంకో ప్రయాణం తట్టుకోలేదు, రెండింటినీ నేనే పెంచుకుంటాను. మీ దగ్గర నిజమైన వైడ్‌బ్యాండ్ లేనప్పుడు దాని ఫొటో పెట్టి అమ్మడం ఆపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
అమలాపురం