ఇళ్ల సమస్యల్లో సలహా ఇచ్చే షెల్టర్ చారిటీ వాళ్లకి, ముఖ్యంగా ఫోన్ పెట్టెయ్యని ఆవిడకి

నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, అయినా ఇవాళే రాసెయ్యాలి. ఇల్లు ఖాళీ చెయ్యమని ఇచ్చిన నోటీసుని మా ఇంటి ఓనర్ వెనక్కి తీసుకున్నాడు. పొద్దున ఈమెయిల్ వచ్చింది. రెండే లైన్లు, సారీ కూడా లేదు.

మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. బాబు గదిలో గోడకి బూజు పడుతోంది, వాడి దగ్గు తగ్గట్లేదు అని ఓనరు తరఫున ఇల్లు చూసే ఏజెంటుకి రాశాం. బూజు సంగతి చూసిన నాథుడు లేడు గానీ సెక్షన్ 21 నోటీసు మాత్రం వచ్చింది. రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలి. ఈ నోటీసుకి కారణం చెప్పక్కర్లేదు, 1988 నాటి ఇళ్ల చట్టంలో అప్పటికి అలాగే ఉందట. కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి మునిసిపాలిటీకి ఫోన్ చేస్తే, మా వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయాలు) వర్తించవని ఉంది కాబట్టి ఇల్లు చూపించలేమన్నారు. ట్యాక్సు కడుతున్నాం, నేషనల్ ఇన్సూరెన్స్ కడుతున్నాం, పెద్దవాళ్లకి తలకి ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జీ కట్టాం. ఇల్లు పోతోందంటే మాత్రం మేం ఎవరికీ పట్టం.

ఎవరో చెబితే షెల్టర్ అనే చారిటీకి ఫోన్ చేశాను. చాలాసేపు మ్యూజిక్కే. చివరికి ఒకావిడ ఎత్తారు. మొదటి ప్రశ్నే, "ఇవాళ రాత్రికి మీకూ బాబుకీ పడుకోవడానికి చోటుందా?" అని. ఉందన్నాను, అంటూనే ఏడుపొచ్చేసింది. అప్పటిదాకా అందరూ వీసా ఏంటి, జీతమెంత అనే అడిగారు. ఆవిడ ఊరుకోమని కూడా అనలేదు. కాసేపాగి, "నేను లైన్లోనే ఉన్నాను, తొందరేం లేదు" అన్నారంతే.

అద్దె అగ్రిమెంటు సూట్‌కేసులో పట్టుచీరల కింద ఎక్కడో ఉంది. వెతికి మళ్లీ చేస్తానంటే వద్దన్నారు. "మళ్లీ క్యూలో పడతారు, వెతుక్కోండి, నేనుంటాను." చీరలన్నీ మంచం మీద గుమ్మరించి వెతికినంతసేపూ స్పీకర్లో ఆవిడ కీబోర్డు చప్పుడు వినిపిస్తూనే ఉంది. మా వాళ్లెవరూ దగ్గర లేని ఈ దేశంలో ఆ టకటక నాకెంత ధైర్యమిచ్చిందో ఎలా చెప్పను.

తర్వాత అడిగారు, మేం ఓనరుకిచ్చిన డిపాజిట్ (అడ్వాన్సు) ఏ స్కీములో ఉందని. మాకేం తెలుసు? ఇక్కడ ఓనరు డిపాజిట్ తీసుకున్న 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన స్కీములో నమోదు చేసి, ఆ వివరాలు మనకి రాసివ్వాలి. మూడు స్కీముల సైట్లలోనూ నా చేతే వెతికించారు. ఎక్కడా లేదు. అయితే ఈ నోటీసు చెల్లదన్నారు. గడువు దాటినా కోర్టు ఆర్డరు లేకుండా, బెయిలిఫ్‌లు (కోర్టు అమీనాలు) రాకుండా ఎవరూ బయటికి పంపలేరు, అద్దె మాత్రం ఆపొద్దు అన్నారు. ఏజెంటుకి రాయాల్సిన ఉత్తరం ఒక్కో వాక్యం చెప్పి రాయించారు. ఇంకో మాట, మనవాళ్లు చాలామంది వీసాకి దెబ్బని భయపడి ఫోనే చెయ్యరు. చారిటీ సలహా పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు. చెయ్యండి.

ఆ తర్వాతే వీళ్లెవరా అని చదివాను. నాటింగ్ హిల్‌లో పేదల కొంపలు చూసి తట్టుకోలేక బ్రూస్ కెన్రిక్ అనే పాస్టర్ 1966లో మొదలుపెట్టారట. ఫోన్లో సలహాతో ఆగరు, కోర్టుకీ వెళతారు. ప్రభుత్వ సాయం తీసుకునేవాళ్లకి ఇల్లివ్వం అని గుండుగుత్తగా చెప్పడం చట్టవిరుద్ధమని 2020లో యార్క్ కోర్టు చెప్పిన కేసు వీళ్ల లాయర్లు నడిపిందే. సెక్షన్ 21 మీదా ఏళ్ల తరబడి పోరాడారు. స్కాట్లాండ్‌లో కారణం లేని నోటీసులు 2017లోనే పోయాయి. ఇక్కడ రద్దు చేస్తామని ప్రభుత్వం మాటిచ్చింది 2019లో, చట్టమయ్యింది 2025 అక్టోబరులో, అమలు 2026 మే 1 నుంచి. ఈ మధ్యలో సామాన్లు సర్దుకున్నవాళ్లకి ఎవరు జవాబు చెబుతారు?

మా ఇల్లు శాశ్వతంగా నిలిచిందని కాదు. 2026 మే 1 లోపైతే డిపాజిట్ తిరిగిచ్చేసి మళ్లీ అలాంటి నోటీసే ఇవ్వొచ్చని ఆవిడే చెప్పారు. ఆ తేదీ నుంచైతే కారణం చూపించాలి, అమ్ముకుంటానంటే 4 నెలలు టైమివ్వాలి. బాబు స్కూలు మధ్యలో మారక్కర్లేదేమో, ప్రస్తుతానికి అది చాలు.

మా ఆయన, నరసరావుపేట నుంచి డబ్బు పంపిన అన్నయ్య, రోజూ వీడియో కాల్‌లో నాతో పాటు ఏడ్చిన అమ్మ, వీళ్లకి వేరే చెప్పాలా.

లైబ్రరీలో ప్రింట్లు తీసిచ్చి డబ్బులు వద్దన్న అమ్మాయికి థాంక్స్. అట్టపెట్టెలకి గ్యారేజీ ఇస్తానన్న సురేష్ గారికి కూడా.

ఎడిట్: అయ్యో, షెల్టర్ నంబరు ఇచ్చింది స్కూలు రిసెప్షన్ ఆవిడ! అసలు ఆవిడనే మర్చిపోయాను. సోమవారం బాబుని దింపినప్పుడు గారెలు పట్టుకెళ్తా.