బంగళా తెల్లోడిదా?

సంపాదకులు గారికి,

మా ఊరి పాత ప్రయాణికుల బంగళాను పడగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కడతారన్న వార్త మీ జిల్లా పేజీలో చదివాను. "తెల్లోడి కొంప మనకెందుకు?" అన్నారట ఒక పెద్దమనిషి. మరమ్మతుకు డబ్బుల్లేవంటే సరే అనుకుందును. ఈ మాట మాత్రం మింగుడుపడలేదు.

బంగళా తెల్లోడు మనకిచ్చిన మాట కాదు, మన దగ్గర్నుంచి పట్టుకెళ్లిన మాట. బంగ్లా అంటే బెంగాల్ తరహా ఇల్లు. వాన నీళ్లు జారిపోయేలా వంపు తిరిగిన గడ్డికప్పు, బాగా కిందికి దిగిన చూరు, ఒకటే అంతస్తు. ఆ వంపు నచ్చే కాబోలు, షాజహాన్ లాహోర్ కోటలోని నౌలఖా మంటపానికి అలాంటి కప్పే పెట్టించాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి స్ట్రేన్‌షామ్ మాస్టర్ 1676లో మన బందరు మీదుగా బెంగాల్ వెళ్లి, హుగ్లీలో ఓడల సిబ్బందికి 'బంగళాలో గుడిసెలో' వేయించే సంగతి డైరీలో రాసుకున్నాడు. అప్పటికి రెండూ ఒకటేనన్నమాట!

1870 ప్రాంతంలో ఇంగ్లండులోని కెంట్ తీరాన సెలవుల ఇళ్లు కట్టి వాటికీ ఈ పేరే పెట్టారు. అక్కడ ఈనాటికీ బంగళా అంటే మేడ లేని ఇల్లు. మెట్లెక్కలేని ముసలివాళ్లు ఏరికోరి కొంటారు. మన దగ్గరేమో మూడంతస్తులు వేసి 'ట్రిప్లెక్స్ బంగళా' అని ప్రకటనలు, మీ పేపర్లో కూడా.

ఓవర్సీరుగా మా ఊరి బంగళా కప్పును రెండుసార్లు బాగుచేయించాను. హాలు దూలానికి పంకా కొక్కెం ఇంకా ఉంది. కప్పు మీది పెంకును మా మేస్త్రీ బంగళా పెంకు అంటాడు, పక్కూరివాళ్లు బెంగళూరు పెంకంటారు, తిరగేసి చూస్తే మంగళూరు కంపెనీ ముద్ర! (మేస్త్రీ అన్న మాట పోర్చుగీసువాళ్లది. మరి ఆయన్నీ పంపించేద్దామా?)

మొన్న వెళ్లి టేకు వాసాలు చాకుతో గీరి చూశాను. వాయవ్య మూల నాలుగింటికి తప్ప చెద లేదు. ఆ నాలుగు వాసాలూ, ఓ రెండొందల పెంకులూ మారిస్తే చాలని నా లెక్క. నా మాట నమ్మక్కర్లేదు, ఇంజినీరు చేత ఎస్టిమేట్ వేయించి, కూల్చే ముందే జనం చూసేలా నోటీసు బోర్డులో పెట్టమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఓవర్సీరు,
కృష్ణా జిల్లా