మూత్రంలో రక్తం కనిపిస్తే
మిత్రులారా, మూత్రం ఎర్రగా వస్తే నొప్పి లేదు కదా అని వదిలేయకండి. నొప్పి లేకుండా పడే రక్తాన్నే నేను ఎక్కువ అనుమానిస్తాను. మూత్రాశయ క్యాన్సర్ చాలామందిలో అలాగే, ఒకసారి కనిపించి మాయమై, మొదలవుతుంది. పొగతాగేవారు, 40 దాటినవారు అసలు ఆలస్యం చేయకూడదు.

మంట, జ్వరం ఉంటే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. నడుము పక్క నుంచి గజ్జల్లోకి మెలిపెట్టే నొప్పి ఉంటే రాయి కావచ్చు. పెద్ద వయసు మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి పెరగడమూ ఒక కారణమే. బీట్‌రూట్ తిన్నా, క్షయకు వాడే రిఫాంపిసిన్ వేసుకున్నా రంగు మారుతుంది. అది రక్తమో కాదో మూత్ర పరీక్షే తేలుస్తుంది.

రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు నెపం వాటిమీద వేసి ఊరుకోవద్దు, సొంతంగా వాటిని ఆపనూ వద్దు. రక్తపు గడ్డలు పడినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.