జర్నలిజం కోర్సు ఫీజు పక్కన జీతం కూడా అచ్చువేయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. గత నెల మీ చదువుల పేజీలో జర్నలిజం కోర్సుల మీద వచ్చిన వ్యాసం చదివాను. కాలేజీల పేర్లు, ప్రవేశ పరీక్షల వివరాలు, ఎన్నేళ్ల కోర్సు అనేది అన్నీ ఇచ్చారు. చదువు అయ్యాక మొదటి జీతం ఎంత వస్తుందన్నది మాత్రం ఎక్కడా లేదు. నాలాంటి తండ్రికి ముందు తెలియాల్సింది అదే. అది తెలియక మా ఇంట్లో ఏమైందో చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఒక్కేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. తెల్లారితే పేపరు ముందు ఎవరు చదవాలని నాకూ మా అమ్మాయికీ పోటీ ఉండేది. డిగ్రీ అవగానే జర్నలిజం చదువుతానంటే నిజంగా సంతోషించాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో రెండేళ్ల పీజీలో చేర్చాం. ఏడాదికి రెండు లక్షల ఫీజు. నాలుగు లక్షల వరకు తాకట్టు అక్కర్లేదు, తండ్రి సంతకం చాలన్నారు బ్యాంకులో. మేనేజరు గారు నా జీతం స్లిప్పు రెండుసార్లు తిరగేసి చూశారు. ఈ చదువు చదివితే అమ్మాయికి ఎంత జీతం వస్తుందని ఆయన అడగలేదు, నాకూ అడగాలని తోచలేదు.

వడ్డీ పదిన్నర శాతం. చదువయ్యాక ఏడాది దాకా వాయిదాలు కట్టక్కర్లేదన్నారు గానీ వడ్డీ ఆ మూడేళ్లూ పడుతూనే ఉంది. కట్టడం మొదలుపెట్టే నాటికి నాలుగు లక్షలు కాస్తా 5,05,000 అయ్యాయి. ఏడేళ్ల గడువుకు నెలకు దాదాపు 8,500. అంతా తీరేసరికి కట్టేది ఏడు లక్షల పైమాటే.

అమ్మాయికి ఒక వార్తా వెబ్‌సైట్ డెస్క్‌లో ఉద్యోగం వచ్చింది. జీతం 16,500. హాస్టల్‌కు 7,000, బ్యాంకుకు 8,500 పోగా చేతిలో మిగిలేది వెయ్యి రూపాయలు. రాత్రి షిఫ్టు దిగేసరికి ఒంటిగంట దాటుతుంది, అప్పుడు బస్సులుండవు. వాయిదా ప్రతి నెలా 5వ తేదీన కోసుకుంటారు. 3వ తేదీ సాయంత్రం ఫోన్ చేస్తుంది. అమ్మ ఎలా ఉంది, కరెంటు బిల్లు కట్టావా అని అవీ ఇవీ అడిగి చివర్లో, “నాన్నా, ఈ నెల కూడా నాలుగు వేలు వేస్తావా?” అంటుంది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది. మూడో ఏడు నడుస్తోంది, జీతం 21,000 అయింది. నా పెన్షన్‌లోంచి సగం వాయిదా ఇప్పటికీ వెళ్తూనే ఉంది.

పని చేతకాని పిల్ల కాదు. ఒక బస్సు ప్రమాదం జరిగిన రాత్రి చనిపోయినవాళ్లు ఆరుగురని ఒకచోట, ఎనిమిదిమందని ఇంకోచోట వార్త వస్తే, ఆసుపత్రి క్యాజువాలిటీకి ఫోన్ చేసి కనుక్కునేదాకా తాను అంకె వేయలేదు. అందరికంటే వెనకబడ్డామని పైవాళ్లు చివాట్లు పెట్టారట. ఇలాంటివాళ్లే కదండీ వార్తల దగ్గర ఉండాల్సింది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955లోనే వచ్చింది, 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. పత్రికా ఉద్యోగుల జీతాలు తేల్చడానికి వేసిన మజీఠియా వేజ్ బోర్డు సిఫార్సులను కేంద్రం 2011 నవంబరులో నోటిఫై చేస్తే, సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరి 7న సమర్థించింది. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకూ అవి వర్తిస్తాయని 2017 జూన్ 19న స్పష్టం చేసింది. కానీ ఆ బోర్డు పత్రికలకూ వార్తా సంస్థలకూ వేసింది, వెబ్‌సైట్లకు కాదు. పైగా మా అమ్మాయి నియామక పత్రంలో హోదా ‘కంటెంట్ అసోసియేట్’ అని ఉంది. రోజంతా వార్తలు రాసే మనిషి కాగితం మీద జర్నలిస్టే కాదు.

డబ్బు కోసం ఈ వృత్తిలోకి రాకూడదని కొందరు పెద్దలు నాతో అన్నారు. అప్పు మెడ మీద ఉన్న విలేకరి ఎవరికి ఎదురు నిలబడగలడు? ఇది తప్పుడు వార్త, నేను రాయనని చెప్పాలంటే వచ్చే నెల వాయిదా గుర్తుకు రాదా? మా ఊళ్లో పత్రికలకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్లను చూస్తూనే ఉన్నాను. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంటు డబ్బులు బండి పెట్రోలుకే చాలవు. ప్రకటనల కమీషన్ మీద నెట్టుకొస్తారు. సంక్రాంతికి ఎవరి దగ్గర శుభాకాంక్షల ప్రకటన తీసుకున్నారో, ఫాల్గుణం వచ్చేసరికి ఆయన ఇసుక లారీల మీదే వార్త రాయాల్సి వస్తుంది. రాయలేకపోతే నష్టపోయేది ఊరు. అందుకే దీన్ని మా ఇంటి గొడవ అనుకోవద్దని వేడుకుంటున్నాను.

తక్కువ ఖర్చుతో చదివే దారులు లేకపోలేదు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచీ ఉంది. పత్రికలు నడిపే స్కూళ్లలో అయితే నేర్పుతూనే నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. మాకు ఉస్మానియాలో సీటు రాలేదు. స్కూలు నోటిఫికేషన్ మా కంటపడేసరికి గడువు దాటిపోయింది. ఇంకో ఏడాది ఆగుదామని నేనైనా అనాల్సింది. అప్పటికి నాకు ఈ లెక్కలు తెలియవు.

నా దగ్గర చదువుకున్న ఒకతను ఇప్పుడు నర్సరావుపేటలో మెకానిక్. మొన్న ఆదివారం కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లాడు బాగా రాస్తాడు, జర్నలిజం చదువుతానంటున్నాడు. సంచిలో మీ పేజీ మడతపెట్టి తెచ్చుకున్నాడు. చదవొద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా బ్యాంకు పాస్‌బుక్ తీసి చూపించి, అప్పు మాత్రం చేయొద్దని, యూనివర్సిటీ పరీక్షా పత్రికల స్కూలు పరీక్షా రెండూ రాయమని చెప్పి పంపాను.

వచ్చే ఏడు ఆ పేజీ వేసేటప్పుడు, ప్రతి ప్రైవేటు కాలేజీనీ గత మూడు బ్యాచ్‌లలో ఎంతమంది వార్తల పనిలో ఉన్నారు, ఎంత జీతంతో చేరారని అడిగి, చెప్పింది చెప్పినట్టు అచ్చువేయండి. చెప్పని కాలేజీ పేరు పక్కన ‘చెప్పలేదు’ అని వేయండి. దాంతోపాటు, మీ సంస్థలో కొత్తగా చేరే సబ్ ఎడిటర్‌కు ఎంత ఇస్తున్నారో కూడా అదే పేజీలో వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పల్నాడు జిల్లా