2, 3, 6 సాళ్ళ గురించి మా రైతులకు

అందరికీ నమస్కారం. మొదటి వానకు మా పాత విత్తే యంత్రంతో వేరుశనగ వేయించుకున్న నలుగురి చేలల్లో కొన్ని సాళ్ళు పలుచగా మొలిచాయి. రెండో వానకు వస్తానని మాట ఇచ్చిన తొమ్మిది మందిలో ఏడుగురి చేలకు అసలు రాలేకపోయాను. దీని మీద కదిరి చుట్టుపక్కల ఇప్పటికే నాలుగు కథలు నడుస్తున్నాయి. నేను డబ్బుకు ఆశపడి మరో మండలానికి వెళ్ళిపోయానన్నది అందులో ఒకటి. జరిగింది నా నోటితోనే వినండి.

యంత్రం మీరెరిగినదే. ఎనిమిది సాళ్ళది. 2011లో నేను కొనేనాటికే దాని రంగు పోయింది. ప్రతి వేసవిలో విప్పి, గొలుసులకు నూనె పెట్టి, బేరింగులకు గ్రీజు ఎక్కించి, అరిగిన కర్రులకు కొత్త మొనలు వేయిస్తాను. గొట్టాల్లో కందిరీగలు మట్టితో గూళ్ళు కట్టి ఉంటాయి కాబట్టి ప్రతి గొట్టంలో ఇనుప చువ్వ దూరుస్తాను. ఎరువు పెట్టెలో గుప్పెడు డీఏపీ మిగిలినా వానాకాలపు తేమకు కరిగి ఇనుమును తినేస్తుంది, అందుకే దాన్ని కడిగి ఆరబెట్టనిదే షెడ్డులో పెట్టను. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. చూసుకోవలసినవన్నీ చూసుకున్నాననుకున్నాను, దెబ్బ మాత్రం నేను చూడని చోట తగిలింది.

ఈ ఏడాది 2, 3, 6 విత్తన పెట్టెల్లో, గింజలను ఒక్కొక్కటిగా గొట్టంలోకి వదిలే ప్లేట్లు బాగా అరిగిపోయాయి. వాటిలో గింజ కూర్చునే గుంటలు పెద్దవై ఒక్కోసారి రెండేసి గింజలు పడుతున్నాయి. విత్తనం వృథా అవుతుందని కొత్తవి తెప్పించాను. ఎన్నో ఏళ్ళుగా విడిభాగాలు పంపుతున్న దుకాణమే. పాత ప్లేటు ఒకటి నమూనాగా పంపి, ఇదే కొలత కావాలని రెండుసార్లు ఫోనులో చెప్పాను. "అదే అచ్చు, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నారు. నిశ్చింతగా ఉన్నాను. పాతవాటిని పాత ఇనుము కొనేవాడికి వేశాను. ఈ కథలో నాకు అన్నిటికన్నా సిగ్గుగా ఉన్న పని అదే.

పరీక్షించకుండా చేలోకి తెచ్చానని ఒకరు అన్నారట. పరీక్షించాను. మా యంత్రం చక్రం చుట్టుకొలత 150 సెంటీమీటర్లు. అది ఒకసారి తిరిగితే ప్లేటు ఒకటీ పావు చుట్లు తిరుగుతుంది. ప్లేటుకు 12 గుంటలు, అంటే చక్రం చుట్టుకు 15 గింజలు, గింజకూ గింజకూ మధ్య 10 సెంటీమీటర్లు. జాకీ మీద లేపి చక్రాన్ని చేత్తో 20 సార్లు తిప్పితే ఒక్కో గొట్టం నుంచి 300 గింజలు రావాలి. నేను వాడిన కదిరి-6 రకం వేరుశనగ గింజలు వంద తూచితే 40 గ్రాములున్నాయి కాబట్టి పెట్టెకు 120 గ్రాములు. కొత్త ప్లేట్లు మూడూ 118, 121, 120 ఇచ్చాయి. పాతవాటికన్నా ఎంతో మెరుగు. ఆ సాయంత్రం నా అంత తృప్తిగా ఉన్నవాడు కదిరిలో లేడు.

తూకం గింజల లెక్కే చెబుతుంది గానీ, చేలో వెళ్ళే వేగానికి అవి చీలుతాయో లేదో చెప్పదన్న మాట అప్పుడు నాకు తట్టలేదు.

మొదటి వానకు రెండు రోజుల్లో 19 ఎకరాలు వేశాను. ఎనిమిదో రోజు పొద్దున్నే ఒక పెద్దాయన ఫోను చేసి "నాయనా, నీ యంత్రం పళ్ళు ఊడిన దువ్వెనలా దువ్వింది, వచ్చి చూడు" అన్నారు. వెళ్ళి పది మీటర్లు కొలిచి మొలకలు లెక్కపెట్టాను. పాత ప్లేట్ల సాళ్ళలో 86, 89, 84 ఉన్నాయి. కొత్త ప్లేట్ల సాళ్ళలో 51, 47, 55. మట్టి తవ్వి చూస్తే గింజలు పడ్డాయి, పడవలసిన దూరంలోనే పడ్డాయి. కానీ కొన్ని రెండు బద్దలుగా విడిపోయాయి, కొన్నిటికి పొట్టు చెక్కుకుపోయి నల్లటి బూజు పట్టింది. వేరుశనగ పొట్టు ఎంత పలుచనో మీకు నేను చెప్పాలా? అది చిరిగితే మొదలు కుళ్ళు తెగులు తెచ్చే శిలీంధ్రానికి తలుపు తీసినట్టే, మందు పట్టించినా సరే.

దుకాణానికి ఫోను చేస్తే "విత్తనం నాణ్యత చూసుకోండి" అన్నారు. ఎనిమిది పెట్టెల్లో ఏడింటికి ఒకే సంచి నుంచి విత్తనం పోశాను, నాలుగో దానిలో కంది. విత్తనం చెడ్డదైతే ఏడు సాళ్ళూ చెడాలి, సరిగ్గా మూడే ఎందుకు చెడ్డాయి? ఈ ప్రశ్న వాళ్ళను మూడుసార్లు అడిగాను. ఇప్పటికీ జవాబు రాలేదు.

(కంది ఎప్పుడూ చివరి పెట్టెలో కాకుండా నాలుగో పెట్టెలో ఎందుకని చాలామంది అడుగుతుంటారు. చివరి పెట్టెలో పోస్తే ట్రాక్టరు తిరిగి వచ్చేటప్పుడు రెండు కంది సాళ్ళు పక్కపక్కన పడతాయి. నాలుగో దానిలో పోస్తే కందికీ కందికీ మధ్య ఒకసారి ఎనిమిది, ఒకసారి ఆరు వేరుశనగ సాళ్ళు వస్తాయి. సగటున ఏడు.)

తొమ్మిదో రోజు రాత్రి రెండో వాన పడింది. మన ఎర్రనేలల్లో పదును, అంటే విత్తడానికి సరిపడా తేమ, ఎన్నాళ్ళుంటుంది? ఎండ కాస్తే మూడు రోజులు. తెల్లవారేసరికి మా వాకిట్లో ఐదుగురు నిలబడి ఉన్నారు, మరో నలుగురు ఫోనులో. అందరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. విన్నాక కూడా కొందరు "ఫర్వాలేదు, నువ్వు రా, మేము విత్తనం కాస్త ఎక్కువ పోస్తాం" అన్నారు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని "మూడు సాళ్ళు పోతే పోనీ, మిగతావైనా మొలుస్తాయి కదా, పదును పోతే అన్నీ పోతాయి" అన్నాడు. అందులో తప్పేముంది? ఆ మాట ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

వరండాలో గంటసేపు కూర్చున్నాను. ఆ మూడు పెట్టెలు ఖాళీగా వదిలి ఐదు సాళ్ళతో నడపొచ్చు, కానీ మధ్యలో ఖాళీ పట్టీలు పడితే కలుపు ఎవరు తీస్తారు? నెమ్మదిగా నడిపితే గింజలు చీలవేమో అనిపించింది. కానీ ఎంత నెమ్మదిగా అన్నది నాకే తెలియదు, తెలుసుకోవడానికి మీ చేలు వాడుకోలేను. అరిగిన పాత ప్లేట్లు ఉంటే గింజలు కొన్ని ఎక్కువైనా పని నడిచేది, వాటిని కిలోల లెక్కన అమ్ముకున్న తెలివైనవాణ్ణి నేనే. నా భార్య ఒక్కటే మాట అంది: "వాళ్ళు సరే అన్నది నీ మీద నమ్మకంతో, యంత్రం మీద కాదు." లేచి, తొమ్మిది మందినీ వేరే యంత్రాలు చూసుకోమన్నాను. ఒకాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పలకకుండా వెళ్ళిపోయాడు. పద్నాలుగేళ్ళుగా ఆయన చేను విత్తింది నేనే.

తర్వాత యంత్రాన్ని విప్పాను. ఈసారి మందు పట్టించని ఉత్త గింజలు పోశాను, ఎర్రటి మందు పూత కింద గీతలు కనపడవు కాబట్టి. ట్రాక్టరు చేలో వెళ్ళే వేగానికి సరిపడా చక్రాన్ని ఇద్దరం కలిసి గిరగిరా తిప్పాం. తార్పాలిను మీద బద్దలే బద్దలు. మొదట చేత్తో నిదానంగా తిప్పినప్పుడు ఒక్కటీ చీలలేదు. అదీ నేను మోసపోయిన చోటు. కొత్త ప్లేట్ల గుంటల లోతు పాతవాటికన్నా ఒక మిల్లీమీటరు తక్కువ, అంచులు కత్తిలా ఉన్నాయి. గింజ వీపు పైకి ఉబ్బి ఉండి, అదనపు గింజలను నెట్టే రేకు దగ్గర చెక్కుకుపోతోంది. నిదానంగా తిరిగితే సర్దుకుంటుంది, వేగంగా తిరిగితే సర్దుకునే వ్యవధి ఉండదు. ఒక్క మిల్లీమీటరు!

లేత్ షాపులో 36 గుంటలనూ లోతు చేయించి, అంచులను నేనే ఆకురాయితో గుండ్రంగా తీశాను. రెండు రోజులు పోయాయి. మూడో రోజు మధ్యాహ్నానికి మిగిలిన కాస్త పదునులో ఇద్దరి చేలు వేయగలిగాను. అవి బాగా మొలిచాయి. మిగతా ఏడుగురిలో నలుగురికి వేరే యంత్రం దొరికింది, ముగ్గురికి దొరకలేదు. ఆ ముగ్గురికి చెబుతున్నాను: మూడో వాన పడితే ముందు మీ చేలే, కిరాయి సగమే. పడకపోతే నా దగ్గర జవాబు లేదు.

19 ఎకరాల నలుగురికీ కిరాయి పూర్తిగా వెనక్కి ఇస్తున్నాను. ఖాళీలు నాటడానికి రెండో వాన పదునులోనే సుమారు 180 కిలోల విత్తనం, కూలీలను పంపాను. దుకాణం ప్లేట్ల డబ్బు వెనక్కి ఇస్తుందా లేదా అన్నదానితో మీకు పని లేదు. అది నాకూ వాళ్ళకూ మధ్య.

కొందరు ఇక దీన్ని అమ్మేసి కొత్తది కొనమంటున్నారు. కొనను. చెడింది యంత్రం కాదు, కొత్తగా వచ్చిన మూడు ముక్కలు. మొండితనమనుకుంటే అనుకోండి. మా నాన్న గొర్రు తోలుతుంటే మా అమ్మ వెనకాల నడుస్తూ జడ్డిగంలో, అంటే గొర్రు గొట్టాల మీది గిన్నెలో, గింజలు వదిలేది. ఎకరం పూర్తయ్యేసరికి ఆమె వేళ్ళు వంగేవి కావు. ఈ యంత్రం వచ్చాక ఆమె ఆ పని చేయనవసరం లేకపోయింది. దాన్ని పాత ఇనుముగా చూడటం నాకు చేతకాదు. మూడు ప్లేట్లను అలా చూసినందుకే ఇంత జరిగింది.

ఇకపై మీ చేనులో దిగే ముందు మీ కళ్ళెదుటే తార్పాలిను పరిచి, చేలో వెళ్ళే వేగంతోనే తిప్పి చూపిస్తాను. దానికోసం మందు పట్టించని విత్తనం అర కిలో విడిగా ఉంచండి. నూటికి రెండు గింజలకన్నా ఎక్కువ చీలితే యంత్రం కదలదు, నేను పట్టుబట్టినా మీరు ఆపండి.

కిరాయి డబ్బు ముగ్గురు తీసుకున్నారు. నాలుగో ఆయన, నాకు ఫోను చేసిన పెద్దాయన, ఇంకా రాలేదు. పెద్దాయనా, మీ కవరు బల్ల సొరుగులో పేరు రాసి ఉంది. ఆదివారం లోగా మీరు రాకపోతే నేనే వస్తాను, ఆ సాళ్ళు ఎలా ఉన్నాయో కూడా చూడాలి.