చర్మంతో పాటు కళ్లనూ మొదటి రోజే చూడండి

సంపాదకుడు గారికి,

మందు వికటించి ఒళ్లంతా బొబ్బలెక్కిన రోగి వార్డుకు రాగానే అందరి దృష్టీ చర్మం మీద, నాడి మీద ఉంటుంది. ప్రాణం ముందు కాబట్టి అది సహజమే. అయితే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అనే ఈ జబ్బులో ఊడిన చర్మం కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది. పోయిన చూపు అలా రాదు. వాచి మూసుకున్న రెప్పలను తర్వాత చూద్దామని వదిలేస్తే లోపల పుండ్లు పడి, రెప్ప కనుగుడ్డుకు అతుక్కుపోతుంది. కన్నీరు ఇంకిపోతుంది, వెంట్రుకలు లోపలికి తిరిగి నల్లగుడ్డును గీరుతుంటాయి.

దీన్ని చాలావరకు ఆపవచ్చు. కంటి డాక్టరు మొదటి రోజే వచ్చి రెప్పలు తిప్పి, పుండ్లను రంగుతో చూపే ఫ్లోరెసిన్ చుక్క వేసి, రెప్ప అంచులతో సహా పై పొర ఎక్కడెక్కడ ఊడిందో చూడాలి. తర్వాత రోజూ చూడాలి. తేలికపాటి కేసులకు సెలైన్‌తో కడగడం, చుక్కల మందులు సరిపోతాయి. తీవ్రమైతే ఉమ్మనీటి సంచి పొరను కంటి మీద, రెప్పల లోపల పరచాలి. అదీ మొదటి వారంలోనే. ఆలస్యమైన కొద్దీ ప్రయోజనం తగ్గిపోతుంది. రోగిని మంచం మీద నుంచి కదిలించకుండా ఆ పొర వేసే పద్ధతులూ ఉన్నాయి.

ఆ పొర అరుదైన వస్తువేమీ కాదు. సిజేరియన్ తర్వాత పారేసే మాయ నుంచే, తల్లికి రక్తపరీక్షలు చేశాక, దాన్ని తీసి శుద్ధి చేసి అతిశీతలంలో దాస్తారు. మన చెన్నై ఎగ్మూరులో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రీ ఉంది, 1819 నాటి ప్రభుత్వ కంటి ఆసుపత్రీ ఉంది. ఇంతకంటే అనుకూలమైన ఊరు ఏముంటుంది?

ఇలా చూపు పోయినవారికి శంకర నేత్రాలయలో రోగి పన్నును ఎముకతో సహా చెక్కి, మధ్యలో కటకం అమర్చి కంట్లో పెట్టే శస్త్రచికిత్స చేస్తారు. నగరానికి గర్వకారణమే. కానీ ఎండిపోయిన కంట్లో మామూలుగా మార్చి వేసే కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) నిలవదు కనుకనే పన్ను దాకా వెళ్లవలసి వస్తోంది. నెలల తరబడి దశలవారీగా సాగే ఆ చికిత్సను మెచ్చుకునే మనం, మొదటి వారపు చిన్న పనిని ఎందుకు పట్టించుకోము?

ఇలాంటి రోగి చేరిన 24 గంటల్లో కంటి పరీక్ష జరగాలని తమిళనాడు ఆరోగ్యశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. కంటి విభాగం లేని చోటికి డాక్టరే వెళ్లాలి. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఇక్కడికి పంపేవారు కళ్ల పరిస్థితిని కూడా కాగితం మీద రాయాలి.

మరొకటి. డిశ్చార్జి చీటీలో "మందు పడలేదు" అని రాస్తే సరిపోదు. కార్బమజెపిన్, ఫెనిటోయిన్, అల్లోప్యూరినాల్, సల్ఫా మందు, ఏదైతే అది, పేరు స్పష్టంగా ఉండాలి. రోగికి చదవవచ్చే భాషలో, తమిళమో తెలుగో, ఆ పేరు రాసిన కార్డు ఇవ్వాలి. మందుల దుష్ఫలితాల గురించి ఫిర్యాదు చేయడానికి ఉన్న 1800-180-3024 నంబరును కూడా అదే కార్డు మీద ముద్రిస్తే అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.

— ఒక విశ్రాంత నర్సు,
పెరంబూరు, చెన్నై