మా బాబు చెవిలో మాట్లాడేది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

తుపాకుల ఆటలాడి పిల్లలు చెడిపోతున్నారని పేపర్లో వచ్చిన ప్రతిసారీ నాకు రెండు ఫోన్లు వస్తాయి. ఒకటి మా అత్తమ్మ, ఇంకొకటి దుబాయ్ నుంచి మా ఆయన. "ముందు వాడి ఫోన్ పగలగొట్టు" అనేదే ఇద్దరి మాట. నేను ఇంట్లో మిషన్ కుడతాను. తొమ్మిదో తరగతి చదివే బాబుతో రెండేళ్లుగా వేగుతున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన వేసవిలో ఒక రాత్రి పదకొండున్నర. అన్నం పెట్టి గంటయినా వాడు లేవలేదు. "అమ్మా, రెండే నిమిషాలు. మావోడు పడిపోయిండు, నేను లేపకపోతే సచ్చిపోతడు" అంటున్నాడు. నేను ఆగలేదు, ఫోన్ లాగేసుకున్నాను. వాడు నన్ను తోశాడు. మిషన్ అంచు తగిలి మోచేయి కమిలిపోయింది. దానికన్నా ఎక్కువ నొప్పి వాడి నోటి నుంచి వచ్చిన మాటకు. తల్లిని తిట్టే తిట్టు, అదీ హిందీలో. మా ఇంట్లో ఎవరికీ హిందీ రాదు.

మర్నాడు వాడి పక్కన కూర్చుని, ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టుకుని ఆట మొత్తం చూశాను. వంద మంది విమానంలోంచి దూకుతారు. నలుగురిది ఒక జట్టు. తగిలినవాడు పాకుతూ ఉంటే జట్టువాడు వెళ్లి లేపాలి. దాదాపు అరగంట పట్టింది. తూటా తగిలితే మా వాడి ఫోన్‌లో ఆకుపచ్చ రంగు చిమ్మింది, అది చూసి నాకేమీ అనిపించలేదు. భయమేసింది మైకులో వినిపించిన గొంతులకు. మీసాలొచ్చిన మగవాళ్లు, ఏ ఊరివాళ్లో తెలియదు, పద్నాలుగేళ్ల పిల్లాణ్ని గురి తప్పినందుకు ఆ తిట్టే తిట్టారు. ఒక్క ఆటలో పదకొండుసార్లు లెక్కపెట్టాను.

మా అక్క కూతురు నర్సింగ్ చదువుతోంది. అమెరికా మానసిక శాస్త్రవేత్తల సంఘం 2020లో చేసిన తీర్మానం గురించి తనే చెప్పింది. ఇలాంటి ఆటలకూ, అరవడం, తోయడం లాంటి దుడుకుతనానికీ కొద్దిపాటి సంబంధం ఉందట. హత్యలూ దాడులూ వీటివల్లే జరుగుతున్నాయనడానికి మాత్రం సరిపడా ఆధారం లేదట. నాకది నిజమే అనిపించింది. నన్ను తోసినవాడు మా వాడే, కాదనను. కానీ ఆ రాత్రికి ముందు వారం రోజులుగా వాడు ఒంటిగంట దాటాకే పడుకుంటున్నాడు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడారు, వాళ్లు ముందు అడిగిందీ నిద్ర గురించే.

నిషేధించాలంటారు కొందరు. 2020 సెప్టెంబర్‌లో పబ్జీని, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధించారు కదా. అవి దేశ భద్రత, సమాచార భద్రత కోసం తీసుకున్న నిర్ణయాలు, పిల్లల కోసం కాదు. పిల్లలు వారంలో ఇంకో ఆటకు మారిపోయారు.

మా ఇంట్లో ఇప్పుడు మైక్ బంద్, అవతలివాళ్ల గొంతు కూడా బంద్. సాయంత్రం రెండు ఆటలు, మొదలుపెట్టింది పూర్తి చేయనిస్తాను, మధ్యలో లాగను. తొమ్మిదికి ఫోన్ నా మిషన్ సొరుగులోకి వెళ్తుంది. మొదటి పది రోజులు నరకం చూశాను. ఇప్పటికీ ఓడిపోతే దిండు విసురుతాడు. తిట్టు మాత్రం మళ్లీ వినలేదు.

మీకు నాదొక విన్నపం. 'గేమ్ పిచ్చి' అని శీర్షిక పెట్టే ముందు, ఆ పిల్లాడు ఎన్ని గంటలకు పడుకుంటున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు, ఇంట్లో ఎవరున్నారు అని కూడా మీ విలేకరులను కనుక్కోమనండి.

ఇంకొకటి ఆటలు నడిపేవాళ్లకు. మా వాడి ఆటలో మైనర్లయితే తల్లిదండ్రుల నంబర్‌కు ఓటీపీ వస్తుంది. ఇంగ్లీషులో వచ్చిన ఆ మెసేజ్‌ను గ్యాస్ బండ కోసమనుకుని, జాకెట్ కుడుతూనే వాడికి అంకెలు చదివి వినిపించాను. రోజుకు ఇన్ని గంటలే అని అడ్డు పడగానే, వాడు పద్దెనిమిది నిండాయని ఇంకో ఐడీ తెరిచాడు. ఆ మెసేజ్ తెలుగులో పంపండి. "మీ పిల్లాడు ఫలానా ఆట ఆడటానికి మీ అనుమతి అడుగుతున్నాడు" అని అందులో రాయండి.

— ఒక తల్లి, కోరుట్ల, జగిత్యాల జిల్లా